మట్టి ఎద్దు నిలబడాలంటే

(బి.యస్సీ. ఆఖరి సంవత్సరం విద్యార్థి)

శిల్పం అనగానే మనలో చాలామందికి లేపాక్షి బసవన్న గుర్తుకు వస్తాడు. నాకు మాత్రం ఈమధ్య శిల్పం అంటే మా వూరి ఎలిమెంటరీ స్కూలు పంచలో వరసగా బోర్లాపడి వున్న 23 మట్టి ఎద్దులు గుర్తుకొస్తున్నాయి. మొన్న వేసవి సెలవుల్లో మేము నలుగురం డిగ్రీ విద్యార్థులం కలిసి వూళ్ళో పిల్లల చేత పది రోజులపాటు మట్టితో జంతువుల బొమ్మలు చేయించాం. పట్నంలో దీన్ని వర్క్‌షాపు అంటారట. మేమూ స్కూలు గోడమీద సుద్దముక్కతో అదే మాట రాశాం. మా వూళ్ళో వర్క్‌షాపు అంటే ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు. మొదటి రోజు పొద్దున్నే ఇద్దరు పిల్లలు పంక్చరైన సైకిలు తోసుకుంటూ వచ్చారు!

ఆ పది రోజుల్లో పిల్లలు ఏం నేర్చుకున్నారో వాళ్ళే చెప్పాలి. మూడేళ్ళుగా క్లాసుల్లో కూర్చుని నేను చదివిన కెమిస్ట్రీ, జువాలజీ నాకెంతవరకు వొంటబట్టాయో మాత్రం తేలిపోయింది. సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు, పుస్తకం చూసి ఇంకొక వ్యాసం రాసేకంటే ఈ ఎద్దుల సంగతే రాద్దామనిపించింది. వచ్చే సెలవుల్లో మీలో ఎవరైనా మీ వూళ్ళో ఇలాంటి పని తలపెడితే మేం పడిన తిప్పలు మీకు తప్పుతాయి.

ఎద్దే ఎందుకు అనవచ్చు. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతం వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. ఏరువాక పున్నమి వెళ్ళిన పదిహేను రోజులకు, జ్యేష్ఠ అమావాస్య నాడు, మా వైపు ఇళ్ళలో మట్టి ఎద్దుల్ని చేసి పూజ చేస్తారు. తుంగభద్ర అవతల కన్నడ రైతులకూ ఈ పండుగ వుంది. నా చిన్నప్పుడు చెరువుకు పోయి మట్టి తెచ్చుకుని ఎవరి ఎద్దుల్ని వాళ్ళే చేసుకునేవాళ్ళం. ఇప్పుడు చాలా ఇళ్ళలో కొని తెచ్చుకుంటున్నారు. మట్టి ఎద్దుల మాట అటుంచి, అసలు ఎద్దులే తగ్గిపోయాయి. మా యింట్లో వున్న జతను కూడా మూడేళ్ళ కిందట, నేను డిగ్రీలో చేరిన సంవత్సరమే, సంతలో అమ్మేశాం. మేత దొరకడం లేదని, బాడుగ ట్రాక్టరుతో సేద్యం జరిగిపోతుందని మా నాయన చెప్పాడు. అది నిజమే. ఆ డబ్బులోనే నా హాస్టలు ఫీజు కూడా వుందని మాత్రం ఆయన చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత అమ్మ చెప్పింది.

అందుకని మొదటి బొమ్మ ఎద్దే కావాలని నేనే పట్టుబట్టాను.

ముందుగా మట్టి సంగతి. మా నలుగురిలో బొమ్మలు చేయడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. కాని మట్టి గురించి రైతుబిడ్డకు ఒకరు చెప్పాలా అనే ధీమా నాకుండేది. మా చేను నల్లరేగడి. వానపడితే కాలికి చెప్పులాగా అంటుకుంటుంది, వదలమన్నా వదలదు. ఇంత జిగటగల మట్టి బొమ్మకు బ్రహ్మాండంగా పనికొస్తుందని రెండు గంపలు మోసుకొచ్చాను. తడిపి పిసికితే వెన్నలాగా వచ్చింది. పిల్లలు ఉత్సాహంగా చేశారు. మరునాడు పొద్దున వచ్చి చూస్తే ఒక్కొక్క ఎద్దు వొళ్ళంతా మే నెలలో మా చేను ఎట్లుంటుందో అట్లా నెర్రెలు! కాళ్ళు ఒకచోట, తలలు ఒకచోట.

ఇందులో వున్న విషయం మనం పుస్తకంలో చదువుకున్నదే. బంకమట్టి రేణువులు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నవి. అవి ఇసుక రేణువుల్లాగా గుండ్రంగా వుండవు, పలచని పలకల్లాగా వుంటాయి. మైక్రోస్కోపు స్లైడు మీద నీటి చుక్కవేసి ఇంకొక స్లైడు పెట్టి చూడండి. రెండూ పక్కకు జారతాయిగాని పైకి ఎత్తితే విడిపోవు. తడిమట్టి చేతిలో ఏ ఆకారానికి వంచితే ఆ ఆకారానికి వంగి, వదిలేశాక అట్లాగే నిలవడానికి కారణం ఇదే. కోట్ల పలకలు, మధ్యలో నీళ్ళు. ఎండుతున్నకొద్దీ ఆ నీళ్ళు పోతాయి, పలకలు దగ్గరకు జరుగుతాయి, బొమ్మ కుదించుకుపోతుంది. ఇంతవరకు అన్ని బంకమట్టులకూ ఒకటే.

అయితే కుమ్మరి పనికి వాడే మట్టిలో తరచుగా వుండే కేవొలినైటు అనే ఖనిజంలో ఒక పలక లోపలి పొరలు గట్టిగా అతుక్కుని వుంటాయి, నీళ్ళు వాటి మధ్యకు దూరలేవు. నల్లరేగడిలో ఎక్కువగా వుండేది మాంట్‌మొరిల్లొనైటు జాతి. దీని పొరల మధ్యకు కూడా నీళ్ళు దూరి వాటిని ఎడం చేస్తాయి. అందువల్ల తడిస్తే విపరీతంగా ఉబ్బుతుంది, ఎండితే విపరీతంగా కుంచించుకుపోతుంది. వేసవిలో మా చేలో మూర చెయ్యి దూరేంత నెర్రెలు పడేది ఇందుకే. పైరుకు అది మేలే. తొలకరి నీళ్ళు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగుతాయి. బొమ్మకు మాత్రం ప్రాణాంతకం. ఈ రెండు ఖనిజాల తేడా నేను సెకండియర్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. గంప నెత్తికెత్తుకున్నప్పుడు అది జ్ఞాపకం రాలేదు.

మా వూరి కుమ్మరి తాత ఆ దారినే పోతూ మా ఎద్దుల్ని చూసి నవ్వలేదు. ఒక ముక్క విరిచి వేళ్ళమధ్య నలిపి, "ఇది పత్తి పండే మన్నప్పా, కుండ పండే మన్ను గాదు" అన్నాడు. ఆ రోజునుంచి ఆయనే మాకు మేష్టరు. చెరువు మూలలో పైన రెండడుగులు తీసేసి లోపలి మట్టి తవ్వించాడు. ఎండబెట్టి, దంచి, జల్లించి, ఒక రాత్రి నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్ళతో తొక్కించాడు. పిల్లలకు బొమ్మలు చేయడం కంటే ఈ తొక్కుడే ఎక్కువ నచ్చిందని నా అనుమానం. ఇసుక ఎందుకు తాతా అంటే, "వొట్టి బంక అంటే అందరూ ఆడోళ్ళే వుండే పెండ్లి, అందరూ మాట్లాడేవాళ్ళే. మధ్యలో నలుగురు మూగోళ్ళు కావాల" అన్నాడు. (విద్యార్థినులు క్షమించాలి, మాట ఆయనది.) ఇసుక రేణువు తడిసినా ఉబ్బదు, ఎండినా తగ్గదు. అది మధ్య మధ్య వుంటే మట్టి మొత్తంమీద తక్కువ కుదించుకుంటుంది, నీళ్ళు బయటికి రావడానికి సందులూ వుంటాయి.

మట్టిని పరీక్షించడానికి రెండు సులువైన పద్ధతులున్నాయి. చిటికెనవేలు లావున వత్తిలాగా చేసి చూపుడువేలికి చుట్టండి. పగలకుండా చుట్టుకుంటే జిగట చాలు, పగిలితే చాలదు. రెండవది స్కేలు పరీక్ష. మట్టితో చిన్న పట్టీ చేసి, దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి నీడన ఎండబెట్టి మళ్ళీ కొలవాలి. మా నల్లరేగడి పట్టీమీద గీత 8.6 సెంటీమీటర్లకు దిగింది. చెరువు మట్టి 9.2. ఇసుక కలిపిన చెరువు మట్టి 9.5. పిల్లలకు దశాంశాలు చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు. నాలుగో తరగతి పిల్ల ఒకతి "అన్నా, గీత పొట్టిదైందా, స్కేలు పొడుగైందా?" అని అడిగింది. నవ్వుకోండి గాని, అది మంచి ప్రశ్న.

మట్టి కుదిరింది. ఇప్పుడు కాళ్ళ గొడవ మొదలైంది.

పిల్లలు ఎద్దును ఎట్లా చేస్తారంటే, ముందు పొట్లకాయలాంటి ఒళ్ళు, దానికి నాలుగు పుల్లల్లాంటి కాళ్ళు, చివరకు తల. తల పెట్టగానే ఎద్దు ముందుకు బోర్లాపడుతుంది. 23 పడ్డాయని చెప్పానుగదా, అవన్నీ ఇట్లా పడినవే. నిజమైన ఎద్దుకు కూడా తల, మెడ, మూపురం అన్నీ ముందువైపే వుండడంవల్ల సగానికి మించిన బరువు ముందుకాళ్ళమీదే పడుతుంది. అందుకని దాని ముందుకాళ్ళు స్తంభాల్లాగా నిటారుగా ఛాతీ కిందనే వుంటాయి. పిల్లలు ముందుకాళ్ళను పొట్టకు దగ్గరగా, వెనక్కి జరిపి పెడుతున్నారు. గరిమనాభి కాళ్ళ మధ్యనుంచి ముందుకు తప్పుకుంటే ఏ వస్తువైనా పడాల్సిందే.

ఒక పిల్లవాడు మూపురాన్ని నడుంమధ్యలో పెట్టాడు. పాఠ్యపుస్తకంలో ఒంటెను చూశాడు, ఎద్దును సరిగా చూడలేదు. "అక్కడుంటే కాడి ఎక్కడ ఆగుతుందిరా?" అన్నాను. కాడి మెడమీద, మూపురానికి ముందు ఆనుతుంది. మూపురం ముందుకాళ్ళ భుజాలమీద వుండాలి. వాడు "కాడి అంటే?" అన్నాడు. వాడికి పదేళ్ళు, రైతు కొడుకే. నేను జవాబు చెప్పకుండా వాడి మూపురాన్ని పీకి ముందుకు పెట్టాను.

ఇక కాళ్ళు లావుగా వుంటే పడవనుకుని ఒకడు మా అందరికంటే పెద్ద ఏనుగును మొదలుపెట్టాడు. వాడు పక్కవాడు చేసిన ఏనుగును చూసి, అన్నీ దానికి రెండింతలు కొలిచి చేశాడు. పొడవు రెండింతలు, కాళ్ళ లావు రెండింతలు. చిన్న ఏనుగు నిలబడింది, పెద్దది చతికిలబడింది. వాడికి ఏడుపు వచ్చింది. గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఈ సంగతే చెప్పాడు. కొలతలన్నీ రెండింతలు చేస్తే బరువు రెండు రెండ్ల నాలుగు, నాలుగు రెండ్ల ఎనిమిదింతలవుతుంది. కాలి అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే అవుతుంది. అంటే కాలిలో ప్రతి చదరపు సెంటీమీటరూ ఇదివరకటికి రెండింతల బరువు మోయాలి. ఏనుగు కాళ్ళు మేక కాళ్ళను పెద్దవి చేసినట్లుగా కాకుండా స్తంభాల్లాగా వుండేది ఇందుకే. ఏడుస్తున్న పిల్లవాడికి గెలీలియోను చెప్పడం దండగ గనుక, రెండు బెల్లం ముక్కలిచ్చి ఏనుగును పడుకోబెట్టించాం.

మూడోరోజున ఒక పాప తెలివైన ఉపాయం చేసింది. కాళ్ళలో చీపురుపుల్లలు గుచ్చింది. "ఎద్దుకు లోపల బొమికలుంటాయి గదన్నా" అంది. మాకూ నచ్చి అందరిచేతా పుల్లలు పెట్టించాం. సాయంత్రానికి అన్ని ఎద్దులూ నిలబడ్డాయి. మర్నాటికి ప్రతి కాలూ పుల్ల వెంబడే నిలువునా చీలింది. మట్టి ఎండి కుదించుకోవాలని చూస్తుంది, లోపలి పుల్ల కుదించుకోదు. చీలక ఏం చేస్తుంది? పెరుగుతున్న ఎద్దులో ఎముకా మాంసమూ కలిసి పెరుగుతాయి. ఎండుతున్న ఎద్దులో అట్లా కాదు. కుమ్మరి తాత పుల్లలన్నీ పీకించి, ఒళ్ళు కొంచెం బిగిసేదాకా పొట్టకింద ఒక మట్టి దిమ్మె ఆసరా పెట్టమన్నాడు. కాళ్ళు వేరే చేసి అతికించేటప్పుడు రెండువైపులా పుల్లతో గీతలు గీసి, అంబలిలాగా పలచగా కలిపిన మట్టిని పూసి నొక్కమన్నాడు. సన్నని కాళ్ళు ముందే ఎండిపోయి, లావు పొట్ట ఇంకా పచ్చిగానే వుంటే అతుకు దగ్గర తెగుతుంది కాబట్టి కాళ్ళకు తడిగుడ్డ చుట్టి, మొత్తంమీద తడిపిన గోనెపట్టా కప్పి, రెండు మూడు రోజులు నీడలో మెల్లగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే త్వరగా అవుతుందని పిల్లలకు తొందర. పదిరోజుల్లో మేం ఎక్కువగా చేసిన పని గోనెపట్టాలకు కాపలా కాయడం.

ఇంతకీ వెనకకాలు. ఇక్కడ నా పరువు పోయింది, దాచడమెందుకు?

ఎద్దు వెనకకాలు మధ్యలో వెనక్కి వంగినట్లు వుంటుంది. అది మోకాలని పిల్లలన్నారు, నేనూ తల వూపాను. మోకాలైతే మనకు మల్లే ముందుకు వంగాలి గదా, వెనక్కి ఎందుకు వంగిందని ఒక పిల్ల అడిగింది. నేను "జంతువులకు అంతే" అన్నాను! జంతుశాస్త్రం చదివే మనిషి చెప్పే మాటేనా అది? రాత్రి పడుకున్నాక బుద్ధి తెలిసింది. మన కంటికి మోకాలులాగా కనిపించేది ఎద్దు మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట అంచుకు దగ్గరగా, చర్మంలో దాగి వుంటుంది, మనకు మల్లే ముందుకే వంగుతుంది. ముందుకాలిలో మోకాలనుకునేది మణికట్టు. దానికింద వుండే పొడుగాటి ఎముక, మన అరచేతిలో మధ్యవేలు, ఉంగరపువేలు ఎముకలు రెండూ కలిసిపోయి ఒకటయినది. చీలిన గిట్టలు ఆ రెండు వేళ్ళ గోళ్ళు. అంటే ఎద్దు జన్మంతా వేళ్ళ కొనలమీద నిలబడి, వేళ్ళ కొనలమీద నడిచి, ఆ గోళ్ళతోనే గుంటకా నాగలీ లాగుతుంది.

పొద్దున్నే పిల్లలందరినీ నేలమీద చేతులు ఆన్చి, రెండేసి వేళ్ళ కొనలమీద, మునికాళ్ళమీద నడవమన్నాను. నాలుగు అడుగులకు అందరూ బోర్లాపడ్డారు. కాని ఎవరి మడమను వాళ్ళు తడిమి చూసుకుని తర్వాత చేసిన కాళ్ళు చూడాలి! ఎవరో మేకను లాక్కొచ్చారు. దాని కాలు పట్టుకుని పైనుంచి కిందికి నొక్కుతూ మోకాలెక్కడ, మడమెక్కడ అని అందరూ వెతికారు. మేక సహకరించలేదు. నేను కాలేజీ ల్యాబులో కప్పను కోసి చూసిన దానికంటే ఆ మేకను ముట్టుకుని ఎక్కువ నేర్చుకున్నాను. ఎద్దును తేలేకపోయాం. మా వీధిలో ఇప్పుడు ఒక్క జత కూడా లేదు.

బొమ్మలు చేసేవాళ్ళందరికీ ఈ కాళ్ళు పాత సమస్యేననుకుంటాను. లేపాక్షి బసవన్న దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, ఒకే బండ. ఆయన పడుకునే వున్నాడు. నంది శివుడి ఎదుట కూర్చోవాలనే సంప్రదాయం వుంది, నిజమే. అయినా అంత రాతిబరువును నాలుగు సన్నని రాతికాళ్ళమీద నిలబెట్టమంటే ఏ శిల్పి ఒప్పుకుంటాడు? తమిళనాడులో అయ్యనార్ గుళ్ళముందు కుమ్మరులు మనిషికంటే ఎత్తయిన మట్టిగుర్రాలు నిలబెడతారు. వాళ్ళు ముందు కాళ్ళను గొట్టాల్లాగా బోలుగా కట్టి, అవి గట్టిపడ్డాక పైన ఒళ్ళు కడతారు. మా పిల్లలు మొదలుపెట్టిన చోటికి సరిగ్గా తలకిందులు.

ఇంకా పాతవి వున్నాయి. మొహెంజొదారోలో దొరికిన మట్టి ఎద్దుబొమ్మ ఒకటి ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో వుంది. దానికి తల కదులుతుంది. అది పిల్లలు ఆడుకున్న బొమ్మలాగే వుంటుంది. అంతదూరం ఎందుకు? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఊట్నూరు దగ్గర 1957లో ఆల్చిన్ అనే పురాతత్త్వ శాస్త్రజ్ఞుడు ఒక బూడిదదిబ్బను తవ్వించాడు. అది నాలుగువేల ఏళ్ళకు పైబడిన కాలంలో పశువుల్ని కట్టేసిన దొడ్డి. పేడ కాలి కాలి ఆ దిబ్బ అయింది. అందులో పశువుల గిట్టల గుర్తులు కూడా పడి వున్నాయి. మాకు ఏరవతల, రాయచూరు జిల్లా పిక్లిహాళ్ దగ్గర అదే కాలపు జనం మూపురం వున్న ఎద్దుబొమ్మల్ని మట్టితో చేశారు, బండలమీద ఎద్దుల్ని చెక్కారు. ఈ సంగతి పిల్లలకు చెప్తే, మూపురం తప్పుపెట్టినవాడు లేచి, "వాళ్ళకు కాడి తెలుసా అన్నా?" అన్నాడు.

కాల్చడం గురించి కొంచెం. పండుగ ఎద్దును కాల్చరు, పచ్చిదే పూజలో పెడతారు. కాని పిల్లలకు తమ ఏనుగులు, కుక్కలు, తాబేళ్ళు నిలిచివుండాలని ఆశ. కుమ్మరి తాత తన ఆవంలో కుండల మధ్య చోటిస్తానన్నాడు. ఎండిన మట్టిలో కంటికి కనబడని నీళ్ళు ఇంకా వుంటాయి. నీరు ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. బొమ్మ లావుగా వుండి, మంట త్వరగా పెరిగితే ఆ ఆవిరికి బయటికి దారి వుండదు, బొమ్మ పేలుతుంది. లోపలి గాలిబుడగ వల్ల పేలుతుందని చాలామంది అంటారు. గాలి తప్పేమీ లేదు, తప్పంతా నీటిదే. అందుకని ఏ భాగమూ బొటనవేలికంటే లావు వుండకూడదు. పెద్ద పొట్టల్ని కిందనుంచి చెంచాతో తొలిచి బోలుగా చేయాలి. వేడి 500, 600 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరకు వచ్చేసరికి మట్టి ఖనిజంలోనే కలిసివున్న నీరు కూడా విడిపోతుంది. ఆ తర్వాత అది మళ్ళీ నానదు. పచ్చి మట్టిబొమ్మను నీళ్ళలో వేస్తే ఒక గంటలో చెరువు మట్టే. కాల్చినదాన్ని వేలయేళ్ళు పూడ్చిపెట్టినా బొమ్మే. మొహెంజొదారో ఎద్దు మనకు దొరికిందంటే కారణం ఇదే. పచ్చివి ఎన్ని చేశారో, అవన్నీ ఎప్పుడో నేలలో కలిసివుంటాయి.

ఆవంలో 31 బొమ్మలు పెట్టాం, 22 బతికాయి. గాలి బాగా తగిలినవి మట్టిలోని ఇనుము ఆక్సైడువల్ల ఎర్రగా వచ్చాయి. పొగలో చిక్కినవి నల్లబడ్డాయి. నల్లబడిన కుక్క యజమాని తన కుక్కే అందరికంటే బాగుందని పోట్లాడి ఒప్పించాడు. పేలినవాటిలో నాదొకటి. ఎవరి పొట్టలు తొలిచారో చూస్తూ తిరిగానేగాని, నా బర్రెపొట్ట తొలవడం మర్చిపోయాను.

ఎనిమిదో రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

కాళ్ళతో విసిగిపోయిన పిల్లలు కొందరు ఎద్దుల్ని పడుకోబెట్టి చేయడం మొదలుపెట్టారు. నేనూ ఒకటి చేశాను. మా పెద్దెద్దును తలుచుకునే చేశాను. మూపురం, గంగడోలు, కొమ్ముల కింద పక్కకు చాచిన చెవులు (పిల్లలు చెవుల్ని కొమ్ములమీద పెడుతుంటారు) అన్నీ సరిగ్గా కుదిరాయని నాకు నేనే మెచ్చుకున్నాను. ఆ సాయంత్రం మా నాయన చేనునుంచి వస్తూ స్కూలు దగ్గర ఆగాడు. ఎనిమిది రోజులుగా ఆ దారినే పోతున్నాడు, లోపలికి మాత్రం రాలేదు. చెప్పులు విడిచి పంచలోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని వరసగా చూసుకుంటూ నా ఎద్దు దగ్గరకు వచ్చాడు.

"ఇది ఎవురు చేసిండేది?"

"నేనే నాయనా."

"కుక్క పండుకున్నట్ల పండుకునింది. ఇట్ల పండుకుంటే ఎద్దు లేయలేదురా."

నేను వెనకకాళ్ళు రెండింటినీ చెరొక పక్కకు, సమానంగా మడిచి పెట్టాను. ఎద్దు అట్లా పడుకోదు. ముందుకాళ్ళు ఛాతీకింద మడుచుకుని, ఒక తుంటిమీద వాలి, వెనక గిట్టలు రెండూ ఒకే పక్కకు వచ్చేటట్లు పడుకుంటుంది. లేచేటప్పుడు తల ముందుకు చాచి, ముందు 'మోకాళ్ళ' మీద ఆనుకుని, వెనకభాగాన్ని ముందు లేపుతుంది. గుర్రం దీనికి తిరగబడి, ముందుకాళ్ళు ముందు చాస్తుంది. ఇదంతా నేను తర్వాత వివరంగా రాసుకున్నది. మా నాయన ఇన్ని మాటలు చెప్పలేదు. కింద కూర్చుని, వేలు తడిచేసుకుని, నా ఎద్దు వెనకకాళ్ళను విరిచి ఒక పక్కకు తెచ్చి అతికించాడు. తుంటిని నొక్కి వాల్చాడు. పదిహేడేళ్ళు రోజూ ఆ గాడి ముందరనుంచి బడికి పోయిన నేను ఎన్ని వందలసార్లు చూసివుంటాను? చూశానంటే, చూశాను.

పిల్లలు చుట్టూ మూగారు. తాత తనకు చేసిపెట్టమంటే తనకని ముద్దలు అందించారు. ఆయన చెయ్యలేదు. నా ఎద్దునే తిప్పి తిప్పి చూసి, ఎడమకొమ్ము కొసను గోటితో కొంచెం తుంచేశాడు. మా చిన్నెద్దుకు ఎడమకొమ్ము కొస లేదు. దూడగా వున్నప్పుడు బండిచక్రంలో పెట్టి విరగ్గొట్టుకుంది. నేను పెద్దెద్దును చేశాననుకున్నాను, ఆయన దాన్ని చిన్నెద్దును చేశాడు. చేతులు కడుక్కుని, "నీళ్ళు చల్లి కప్పిపెట్టండి, గాలికి పగులుతుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఎద్దును ఆవంలో పెట్టలేదు. పొట్ట తొలవలేదు గనుక పేలుతుందని భయం. జ్యేష్ఠ అమావాస్యకు నేను ఇక్కడ హాస్టల్లో వున్నాను. పూజ అయ్యాక అన్నిటితోపాటు దాన్నీ చెరువులో కలిపారా అని అమ్మను ఫోనులో అడిగాను. లేదట. మా నాయన దాన్ని తీసుకుపోయి ఎద్దుల కొట్టంలో, ఖాళీగా వున్న గాడి పైన గూట్లో పెట్టాడట. ఆ కొట్టం కప్పు ఒక మూల కురుస్తుంది. పచ్చి మట్టి, తడిస్తే నిలవదు, కప్పు సరిచేయించమని చెప్పాను. సరిచేస్తున్నాడని అమ్మ చెప్పింది.